పదకొండా, ఇరవయ్యారా?

“ఆ కర్టెన్ని ఇంకోసారి సర్దారంటే ఊడి చేతికొస్తుంది,” అంది ఇంటావిడ వంటింట్లోంచి.

ఇంటాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పొద్దుట్నుంచి కాలుగాలిన పిల్లిలా ఆ మూడు గదుల్లోనే తిరుగుతున్నాడు. కుర్చీలు జరిపాడు, మళ్లీ మొదటి చోటే పెట్టాడు. పద్నాలుగు కప్పులు లెక్కపెడితే పదమూడే వచ్చాయి. పద్నాలుగోది ఆయన చేతిలోనే ఉంది.

ఆ దేశానికి బయటివాళ్లు రావడమే అరుదు. వచ్చినా ఎవరికి వారు తిరగడానికి వీల్లేదు. నెలకు ఒకటో రెండో బృందాలు, బృందానికొక బస్సు, బస్సుకొక గైడు. విగ్రహం, మ్యూజియం, గాజు ఫ్యాక్టరీ అయ్యాక మూడో రోజు కార్యక్రమంలో ‘సామాన్య కుటుంబం ఇంట్లో టీ, నలభై నిమిషాలు’ అని ఉంటుంది. పదకొండేళ్లుగా ఆ టీ ఈ ఇంట్లోనే.

ఇవాళ్టితో సరి. వచ్చే నెల నుంచి అతిథుల్ని పక్క వీధిలో ఒక కుర్ర జంట ఇంటికి తీసుకెళ్తామని పర్యాటక శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. ఈ ఇంటి తాళాలు రేపటికల్లా అప్పగించాలట. సామానంతా శాఖదే కాబట్టి సర్దుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

“మన మొహాలు చూసీ చూసీ వాళ్లకే విసుగొచ్చుంటుంది,” అని ఆవిడ తేలిగ్గా తీసేసింది.

ఆయనకు మాత్రం ప్రాణం ఉసూరుమంటోంది. ఈ వంటింటి గుమ్మంలో నిలబడి చీవాట్లు తినడం కూడా ఆయనకు ఇష్టమే. ఆ మాట ఆవిడతో చెప్పాలని నోరు తెరిచినప్పుడల్లా టీపొడి సరిపోతుందా అని అడిగి ఊరుకుంటున్నాడు. పొద్దుట్నుంచి నాలుగుసార్లు అడిగాడు.

బస్సు వచ్చింది. ఒకే రంగు టోపీలు పెట్టుకున్న పన్నెండు మంది దిగారు. వాళ్ల ముందు గైడమ్మాయి.

“బాబాయ్, పిన్నీ, రెడీనా?” అంది గుమ్మంలోంచి.

అతిథుల్లో ఒక రిటైర్డ్ లాయరు ఉన్నాడు. ఈ దేశంలో చూపించేదంతా ఉత్త నాటకమని ఎక్కడో చదివి వచ్చాడు. టీ సంగతి పక్కనపెట్టి సోదా మొదలుపెట్టాడు. కుళాయి తిప్పాడు, నీళ్లొచ్చాయి. ఫ్రిజ్ తెరిచాడు, గుడ్లు కనిపించాయి. పుస్తకాల బీరువాలోంచి ఒకటి లాగి చూస్తే లోపల నిజంగానే పేజీలున్నాయి. పాపం, కొంచెం నిరాశపడ్డాడు.

“బిస్కెట్లు తెస్తారా?” అని ఇంటాయన ఆవిడను అడిగాడు.

ఈయన భార్యను ‘మీరు’ అని మన్నిస్తాడని గైడమ్మాయి అతిథులకు వివరించింది. ఆడవాళ్లందరూ ఒక్కసారి తమ మొగుళ్ల వంక చూశారు. మొగుళ్లు టీ వంక చూసుకున్నారు.

కిటికీ పక్కన కూర్చున్న ఒక పెద్దావిడకు ముచ్చటేసింది. “మీ పెళ్లయి ఎన్నేళ్లయింది?” అని అడిగింది.

“పదకొండు,” అన్నాడు ఇంటాయన.

“ఇరవయ్యారు,” అంది ఇంటావిడ.

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. గైడమ్మాయి అనువాదం మింగేసింది. కానీ అంకెలు ఇద్దరూ అతిథుల భాషలోనే చెప్పారు, ఆయన వేళ్లు కూడా చూపించాడు.

ముందుగా నవ్వింది లాయరుగారి భార్యే. “మా ఆయనకైతే పెళ్లిరోజు కూడా గుర్తుండదు. నలభై ఏళ్లలో నాలుగుసార్లు గుర్తుపెట్టుకున్నాడు,” అంది. ఆ నవ్వు గదంతా పాకింది. ఇంటాయన చెవులు ఎర్రబడ్డాయి.

లాయరు పుస్తకాన్ని బీరువాలో పెట్టేసి వచ్చి ఇంటాయన భుజం తట్టాడు. “నా అనుమానాలన్నీ తీరిపోయాయి. నాటకమే అయితే ఇద్దరూ ఒకే అంకె చెప్పేవాళ్లు,” అని చెప్పి, రెండో కప్పు టీ అడిగి మరీ తాగాడు.

నలభై నిమిషాలు అయ్యాయి. టోపీలన్నీ బస్సెక్కాయి. వెళ్లేముందు గైడమ్మాయి ఇద్దరి చేతులూ పట్టుకుని, “మీలాంటివాళ్లు మళ్లీ దొరకరు పిన్నీ,” అని కళ్లు తుడుచుకుంది.

ఇల్లు ఖాళీ అయింది. ఆవిడ కప్పులు కడుగుతుంటే ఆయన తుడుస్తున్నాడు.

“పదకొండేళ్లేమిటి?” అంది ఆవిడ వెనక్కి తిరక్కుండానే.

“నోరు జారింది.”

“జారితే ఏ పాతికో ముప్ఫయ్యో రావాలి. పదకొండే ఎందుకు వచ్చింది?”

ఆయన తుడిచిన కప్పునే మళ్లీ తుడిచాడు. “ఈ ఇంట్లో గడిపినవే నా లెక్కలో ఉన్నాయి. మిగతా ఏళ్లు నాకు అక్కర్లేదు,” అన్నాడు. కప్పు వంకే చూస్తూ, “రేపట్నుంచి ఈ చీవాట్లు లేకుండా పొద్దెలా గడుస్తుందో తెలియట్లేదు,” అన్నాడు.

చెప్పేశాక ఆయనకే భయమేసింది. టీపొడి గురించి అడుగుదామంటే డబ్బా ఖాళీగా ఎదురుగానే ఉంది.

ఆవిడ కుళాయి కట్టేసింది. చేతులు తుడుచుకుంది. ఆయన చేతిలోంచి కప్పు తీసుకుని బల్ల మీద పెట్టింది.

“మొగుడూ పెళ్లాలుగా ఉండమని వాళ్లిచ్చిన ఉద్యోగం ఎలాగూ అయిపోయింది, ఇక నిజంగానే పెళ్లి చేసుకుందామా?” అని అడిగింది.