మలుపు దగ్గర బొటనవేలు

విన్సెంట్ మళ్లీ బొటనవేలు పైకెత్తాడు. లైటు వెలుగులో శాంసన్ ఆ వేలి వంక కాసేపు చూస్తూ ఉండిపోయాడు. నీళ్లలో ఆ సైగకు అర్థం ఒక్కటే: ఇక చాలు, వెనక్కి పోదాం.

ధర్మసాగర్ అవతల పాడుబడ్డ గ్రానైటు క్వారీ అది. నీళ్లు నిండి ఏళ్లయింది. అడుగున, కొండ కిందికి ఒక సొరంగం పోతుంది. దాని చివరను ఇంతవరకు ఎవరూ చూడలేదు. చూసిన మొదటివాడి పేరే దానికి పెడతారు. ఆ పేరు తనదే కావాలని శాంసన్ పట్టుదల. కానీ వెళ్లిన మూడుసార్లూ ఒకే మలుపు దగ్గర విన్సెంట్ వేలెత్తాడు.

సొరంగాల్లో ఈదేవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. ఇద్దరిలో ఎవరు వెనక్కి అన్నా రెండోవాడు తిరగాల్సిందే. పైకొచ్చాక కారణం అడగకూడదు. అడిగితే, రేపు నిజంగా భయమేసినవాడు సిగ్గుపడి వేలెత్తడు, ప్రాణం పోగొట్టుకుంటాడు. శాంసన్ తన దగ్గర నేర్చుకునేవాళ్లకు మొదటిరోజే చెప్పే మాట ఇది. అందుకే అడగలేదు. అడగనంత మాత్రాన కడుపులో మంట చల్లారుతుందా!

చిన్నప్పుడు కాజీపేటలో అతనికి ఈత నేర్పింది విన్సెంటే. ఆ మనిషికి ఇప్పుడు వయసు మీద పడిందని, ధైర్యం జారిపోయిందని శాంసన్ తీర్మానించుకున్నాడు. పైగా లోతుకు పోయినకొద్దీ పీల్చే గాలే కల్లులా మత్తెక్కిస్తుంది. ఎక్కినవాడికి ఎక్కినట్టు తెలియదు. విన్సెంట్‌కు అదే పట్టుకుందేమోనని కూడా అనుమానం. తనకైతే ఆ మలుపు దగ్గర మనసు తేలికవుతుంది. దిగులూ భయమూ ఏవీ ఉండవు. అంత సుఖం ఇంట్లో కూడా ఎరగడు.

ఒడ్డుకు చేరి సిలిండర్లు దించుకుంటుండగా విన్సెంటే మాట కదిపాడు.

“ఆ సొరంగం మనకొద్దు తమ్మీ. ఇడిసిపెడదాం.”

“నీకొద్దంటే నువ్వు రాకు అన్నా. నేను పోత.”

“ఎవలతోని?”

“ప్రీతితోని.”

ప్రీతి శాంసన్ దగ్గర నేర్చుకున్నవాళ్లలో చురుకైన పిల్ల. విన్సెంట్ తలూపి, ఆమెను ఒకసారి తన ఇంటికి పంపమన్నాడు. బెదరగొట్టడానికే అనుకున్నాడు శాంసన్. వద్దంటే బాగుండదని పంపాడు.

ఆదివారం పూజ అయ్యాక చర్చి బయట చాయ్ తాగుతూ శాంసన్, విన్సెంటన్న పని అయిపోయిందని నలుగురిలో అనేశాడు. నలుగురూ నవ్వారు. విన్సెంట్ అక్కడే ఉన్నాడు. విని, చాయ్ మొత్తం తాగి, గ్లాసు పక్కన పెట్టి వెళ్లిపోయాడు. పెద్దమనిషిని అట్లా అనొచ్చునా అని ఇంటికొచ్చాక లిదియా మొగుణ్ని కోప్పడింది. ఉన్నమాటే అన్నానన్నాడు గానీ, శాంసన్‌కు ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఆ వారమే ప్రీతితో క్వారీలో దిగాడు. మొదటి నుంచీ ఆమె అతని మోచెయ్యి వదల్లేదు. కొత్త కదా, బెదురుతోందని నవ్వుకున్నాడు. లోపల బురద లేస్తే అరచెయ్యి కూడా కనబడదు. అప్పుడు బయటికి దారి చూపేది వెంట కట్టుకుంటూ వచ్చిన తాడొక్కటే. అది చేజారితే ఇక అంతే సంగతులు. మలుపు వచ్చింది. మళ్లీ అదే సుఖం. అవతలి నల్లటి నీళ్లు రమ్మని పిలుస్తున్నట్టే ఉన్నాయి. ఇంకొక్క బారెడు పోతే చాలుననిపించింది. సరిగ్గా అప్పుడే ప్రీతి మోచెయ్యి గట్టిగా వెనక్కి లాగి, అతని కళ్లముందు బొటనవేలు ఎత్తింది.

పైకి వచ్చేదాకా శాంసన్ లోలోపల ఉడికిపోతూనే ఉన్నాడు. విన్సెంట్ పోసిన పిరికిమందు బాగానే పనిచేసిందనుకున్నాడు. బండమీద కూర్చుని మాస్కు తీసి పక్కన పడేశాడు.

“ఎందుకని అడుగుతలేను. కానీ ఇగ నీతోని కూడ పోను,” అన్నాడు.

అడగకపోయినా ప్రీతి తనే చెప్పింది.

“అక్కడికి పోంగనే నువ్వు తాడు ఇడిసిపెడ్తవని విన్సెంటన్న ముందే చెప్పిండన్నా.”