ఆగమన్న బాబాయ్

“తప్పుకుంటున్నట్టు సంతకం పెట్టు బాబాయ్,” అంటూ పెద్దవాడు లాయరు బల్ల మీద కాగితం ముందుకు తోశాడు. “వీలునామా అమలు చెయ్యమని నాన్న నీ పేరు రాస్తే, పొదిగే కోడిలా దాని మీద కూర్చున్నావు.”

బాబాయ్ కలం ముట్టుకోలేదు.

“కొన్నాళ్ళు ఆగరా. కళ్ళజోళ్ళ షాపు నీకే. ముందు దాని మీద తనకు ఏ హక్కూ వద్దని నీ తమ్ముడి చేత రాయించుకొస్తాను. ఆ తరవాత కోర్టుకి వెళ్దాం.”

“మధ్యలో వాడెందుకు? షాపు నాకు, మిగతాదంతా వాడికి అని నాన్న అందరికీ చదివి వినిపించాడుగా.”

“అందుకే ఆగమంటున్నా.”

“కారణం చెప్పు.”

“చెప్తే సాయంత్రానికల్లా వాడి చెవిన పడుతుంది. నీ నోట్లో నువ్వుగింజ నానదు.”

పెద్దవాడికి అనుమానం మరింత ముదిరింది. బాబాయ్ ఈమధ్య తమ్ముడింటికి తెగ తిరుగుతున్నాడు. ఇద్దరూ కలిసి షాపు కాజేసే ఎత్తు కాకపోతే అన్ని రాకపోకలు దేనికి? ఏళ్ళ తరబడి ఆ షట్టరు ఎత్తింది, ఆ అద్దాలు అరగదీసింది తను. షాపు పోతే అతనికి మరో పని చేతకాదు. ఆ భయంతోనే గొంతు పెంచాడు.

“పెడతావా, కోర్టుకి ఈడ్చమంటావా?”

“సొంతమనిషని ఇన్నాళ్ళూ ఊరుకున్నాం చిన్నమావయ్యగారూ,” అంది పక్కనే కూర్చున్న అతని భార్య.

బాబాయ్ ఆమె వంక ఓసారి చూసి కలం అందుకున్నాడు. సంతకం పెట్టి లేచాడు. “వీలునామా మాత్రం జడ్జిగారి చేతికే ఇస్తాను,” అని వెళ్ళిపోయాడు.

“చూశావా, మనకి చూపించడానికి కూడా ఇష్టం లేదు,” అన్నాడు పెద్దవాడు భార్యతో.

కోర్టులో బాబాయ్ స్థానంలో పెద్దవాణ్ణి పెట్టడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. తమ్ముడు కూడా తలూపాడు. పెద్దవాడికి సగం బరువు దిగింది. ఇక షాపు ఎక్కడికీ పోదు.

జడ్జిగారు వీలునామా చివరిపేజీ తిప్పి ఆగారు. “ఈ రెండో సాక్షి ఎవరు? సాక్షి సంతకం చేసినవాళ్ళకి గాని, వాళ్ళ భార్యకో భర్తకో గాని రాసిన ఆస్తి చట్టప్రకారం చెల్లదు. అది మిగతా ఆస్తిలో కలిసిపోతుంది.”

దొంగ దొరికాడనుకున్నాడు పెద్దవాడు. “ఇంకెవరండీ, మా బాబాయే అయ్యుంటాడు,” అన్నాడు హుషారుగా.

వెనక బెంచీలోంచి అతని భార్య మెల్లగా లేచి నిలబడింది.

“నేనేనండీ. ఆరోజు పక్కింటాయన రాకపోతే, మావయ్యగారు నన్ను పెట్టమన్నారు.”