గుంటల కుప్ప

"ఆ బాబు ఒక్కడే పేకాట ఆడుకుంటన్నాడేటే?" అంది వీధిలో పోతున్న నూకరత్నం, అరుగు మీదకి తొంగి చూసి.

"పేకాట కాదే, కాయితాలాట," అంది దేముడమ్మ లోపల్నుంచి. "తెల్లారి లేస్తే అదే ఆట."

అరుగు మీద సత్యరాజు తనలో తను నవ్వుకున్నాడు. తెనాలి వైపు మనిషి. పట్నంలో ఒక ఆఫీసు అతన్ని చోడవరం పంపింది. చెరువులు తవ్వించాలా, కాన్పులు చూసే నర్సమ్మని వెయ్యాలా, ఊరివాళ్ళనే అడిగి రమ్మంది. రెండూ ఇవ్వరు. ఇచ్చేది ఒక్కటే. అదీ ఇతను రాసి పంపినదాన్ని బట్టే.

బస మంగాయమ్మ గారింట్లో. ఆవిడింట్లో వండి వడ్డించేది దేముడమ్మ.

సత్యరాజు నలభై ఇళ్ళు తిరిగేడు. బెల్లం వండే గానుగల దగ్గరికీ వెళ్ళేడు. అతని పనికో పద్ధతి ఉంది. ఎవరేం చెబుతున్నా మధ్యలో అడ్డు పడకూడదు. అన్నది అన్నట్టే రాసుకోవాలి, ఒక మాట తియ్యకూడదు, ఒక మాట కలపకూడదు. ఆడవాళ్ళు తలుపు వెనక నుంచే రెండు ముక్కలు చెప్పి ఊరుకునేవారు. ఆ రెండు ముక్కలే రాసుకునేవాడు.

బసకొచ్చేక ఒక్కో మాటా ఒక్కో చీటీ మీదకి ఎక్కించేవాడు. పోలిన మాట పక్కన పోలిన మాట. కుప్ప అయ్యేక దానికో పేరు. మర్నాడు మళ్ళీ మొదట్నుంచీ చదివి, ఒక కుప్పని రెండు చేసేవాడు, ఉన్న పేరు కొట్టేసి ఇంకో పేరు పెట్టేవాడు. గాలికి ఎగిరిపోకుండా కుప్పకో గులకరాయి.

"అన్నం సల్లారిపోతంది బాబూ. ఆ రాళ్ళూ కాయితాలూ తీస్తే ఆకెయ్యాల."

"ఇవాళ్టితో అయిపోయింది దేముడమ్మా. చెరువులే గెలిచాయి. చూడు, ఈ పెద్ద కుప్పంతా నీళ్ళ బాధే! ఇంకో వింత చూశావా? మీ ఊళ్ళో పోతే మగపిల్లలే పోతున్నారు. ఆడపిల్ల ఒక్కతీ పోలేదు. గట్టి పిండాలు!"

దేముడమ్మ చేతిలో అరిటాకు అలాగే ఉండిపోయింది.

"ఎవులు సెప్పేరు బాబూ?"

"చీటీలే చెబుతున్నాయి."

"ఏదీ, ఆ పెద్ద కుప్ప ఓపాలి సదువు."

"'మాకు గుంట నిలవలేదు.'"

"ఇంకోటి?"

"'ఉన్న ఒక్క గుంటా ఎండల్లో పోనాది.' 'గుంట పోనాక ఈ ఇంట్లో ఏటుంది?'"

దేముడమ్మకి ముందు నవ్వొచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, గోడకి చేరబడి మరీ నవ్వింది.

"ఓరి నా బాబే! గుంటంటే నీళ్ళ గొయ్యి అనుకున్నావేటి?"

"కాదా?"

"గుంటడంటే ఏటి?"

"కుర్రాడు. అది తెలుసు."

"మరి గుంటంటే?"

"ఆడపిల్ల!" అన్నాడు సత్యరాజు. పెద్ద కుప్ప మీది గులకరాయి తీసేడు.

దేముడమ్మ మొహంలోంచి నవ్వు పోయింది. ఆకు పక్కన పెట్టి, చీటీల ముందు చతికిలబడింది.

"ఒక్కోటీ సదువు. నెమ్మదిగా."

చీటీల మీద పేర్లు లేవు. అయినా మాట వినగానే మనిషిని పోల్చేసింది.

"అది అప్పలనరసమ్మ మాట. బిడ్డ అడ్డం తిరిగీసింది. బండి కట్టి అనకాపల్లి ఆసుపత్రికి తీసికెళ్తంటే దారిలోనే పోనాది."

ఇంకో చీటీ.

"ఇది ఆ కుప్పలోనే ఉండనీ. ఇది నిజంగా నీళ్ళ గుంటే, పెదబాబు మడిలోది. ఆడికి దాని గోల తప్ప ఇంకో గోల లేదు."

ఇంకో చీటీ. దానికి మాత్రం కాస్త ఆగింది.

"చిన్నమ్మిది. గుంట పుట్టిన ఏడో నాడు దవడలు బిగిసిపోయేయి. పాలు పట్టలేదు."

సత్యరాజు ఆ చీటీలన్నీ ఒక్కచోట చేర్చి 'పోయిన పిల్లలు' అని పేరు రాయబోయేడు. దేముడమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"కలిపీకు బాబూ. ఆళ్ళు ఆసుపత్రి దూరమై పోనారు. ఈళ్ళు బొడ్డు కోసిన కత్తి వల్ల పోనారు, మరగబెట్టాలని తెలీక."

"కత్తి వల్లా? నీకెవరు చెప్పారు?"

ఆవిడ పక్కన పెట్టిన ఆకు మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"ఆనక తెలిసింది," అంది. "రెండు కుప్పలు చెయ్యి. రెండు పేర్లు రాయి."

రాసేడు. చెరువుల కుప్పలో నాలుగంటే నాలుగు చీటీలు మిగిలేయి.

"ఊరి కబుర్లన్నీ నీ దగ్గరే ఉన్నాయి దేముడమ్మా! ఎక్కడ నిలబడి వింటావేంటి?"

"నువ్వు తలుపుకి ఇవతల నిలబడి విన్నావు బాబూ. తిను, తిను," అని ఆకేసింది.

ఏడాది తిరిగేసరికి చోడవరానికి నర్సమ్మ వచ్చింది, కత్తెర మరగబెట్టే గిన్నెతో సహా. అదే బస్సులో సత్యరాజూ దిగేడు, దేముడమ్మ కోసం కొన్న నేతచీరతో.

మంగాయమ్మ ఆ చీర అందుకోలేదు.

"మాఘమాసంలో పోయింది బాబూ. నాలుగు రోజుల జ్వరం."

సత్యరాజు ఆ చీరని అరుగు మీద, అప్పట్లో చీటీలు పేర్చిన చోట పెట్టేడు. ఊళ్ళో ఇన్ని తలుపులు తట్టేడు, రోజూ అన్నం పెట్టిన మనిషిని మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు.

"మీ వంటమనిషి మాట ఒక్కటీ నా చీటీల్లో లేదండీ," అన్నాడు.

"వంటమనిషేటి బాబూ!" అంది మంగాయమ్మ. "చిన్నమ్మి గుంట పోయిన నాడు కత్తి ఏట్లో పారీసి, ఇంక ఎవరి గడపా తొక్కనని నా వంటింట్లో కూచుంది గానీ, ముప్పై ఏళ్ళు ఈ ఊళ్ళో ప్రతి బిడ్డకీ బొడ్డు కోసిన మంత్రసాని దేముడమ్మే."