రెండొందల అంగలు

“అబద్ధం! నీ బోర్డు పచ్చి అబద్ధం!”

పొద్దున్నే కుమాసి పట్నం నుంచి వచ్చి దిగిన అమంక్వా మాస్టారు చేతికర్ర ఊపుతూ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. రిటైరైన లెక్కల మాస్టారు. సంచీ గదిలో పడేసి నేరుగా సముద్రానికెళ్లి, అంతే నేరుగా తిరిగొచ్చాడు.

ఆ చిన్న లాడ్జీ నడిపే ఆవిడ, పేరు కొర్లెకి, మూకుట్లో చేపని తిరగేసింది. “అంత అబద్ధం ఏం రాశాను మాస్టారూ?”

“‘సముద్రానికి రెండొందల అంగలు’ అని రాశావా లేదా? నేను లెక్కపెట్టాను. నా దగ్గరా నీ లెక్కలు?”

“నేనే నడిచి రాయించాను. తేడా ఉంటే మీ కాళ్లలో ఉంటుంది.”

“నలభై ఏళ్లు బళ్లో నిలబడ్డ కాళ్లమ్మాయ్ ఇవి! మార్చకపోతే ఫోన్లో పెట్టేస్తా. ‘అడాలో, నది సముద్రంలో కలిసే చోట, ఒక మోసకారి లాడ్జీ’ అని.”

అసలే క్రిస్మస్ వారం. మిగతా మూడు గదులూ ఆ ఫోన్లు చూసొచ్చే వాళ్లతోనే నిండాలి.

పొయ్యి ఆర్పేసింది. “పదండి. మీ ముందే కొలుస్తా.”

ముసలాయన చీమ అడుగులేసి మూడొందలో నాలుగొందలో తేల్చుంటాడనుకుంది. గేటు దగ్గర నడుముకి చుట్టిన గుడ్డ పైకి దోపి, సాగదీసి అంగలేయడం మొదలుపెట్టింది. “ఒకటి... రెండు...”

“అంతంత అంగలు మనుషులేస్తారా? జింకలేస్తాయి!”

“మా ఊరి ఆడవాళ్ల నడకే ఇంత.”

“అరవై రెండు ఏదీ? మింగేశావ్!”

“లెక్కపెట్టేటప్పుడు మాట్లాడించకండి మాస్టారూ!”

కొబ్బరి చెట్లు దాటారు. తను ఈ వైపుకొచ్చి ఎన్ని నెలలైందో. సంత, పడవలు, చుట్టాలు, అన్నీ నది వైపే.

“నూట పది... నూట పదకొండు...”

పాదానికి చల్లగా తగిలింది. నురగ.

కొర్లెకి ఆగిపోయింది. అల వెనక్కెళ్లి, మళ్లీ వచ్చి చీలమండ దాకా తడిపింది.

“చూశావా!” మాస్టారు పందెం గెలిచినవాడిలా కర్రని ఇసుకలో గుచ్చాడు. “నా ముసలి అడుగులకే నూట యాభై! ఇంత దగ్గరున్న సముద్రాన్ని అంత దూరమని రాసుకుంటే నీకు ఎవరొస్తారమ్మా? నీ మంచికే చెప్తున్నా. ఇంతకీ ఆ బోర్డు ఎవరి కాలం నాటిది? మీ అమ్మమ్మదా?”

కొర్లెకి వెనక్కి తిరిగి తన ఇంటి వైపు చూసింది.

“మొన్న ఈస్టర్‌కి రాయించాను మాస్టారూ. అప్పుడు నీళ్లు అంత దూరంలోనే ఉన్నాయి.”