రెండక్షరాల షార్ట్‌కట్

"మీ కంప్యూటర్ పడుకుంటే నా దాని ముందు కూర్చోండమ్మా. పన్నెండింటికల్లా ఈ నోట్ హెడ్డాఫీసుకి వెళ్ళాలి," అన్నాడు జనరల్ మేనేజర్, తన కుర్చీ తనే లాగి చూపిస్తూ.

సీనియర్ టైపిస్టు గుండె జారిపోయింది. పనంటే భయం కాదు. ఆఫీసులో అందరికీ షార్ట్‌కట్లు నేర్పింది ఆవిడే. మౌస్ ముట్టుకోకుండా పేజీలకు పేజీలు కాపీ చేసి, అతికించి, సేవ్ చేసి అవతల పడేస్తుంది. పెద్ద వాక్యానికి పొట్టి మాట పెట్టుకునే కిటుకైతే, ఈ మేనేజర్ కూడా బడిపిల్లాడిలా పక్కన కూర్చుని ఆవిడ దగ్గరే నేర్చుకున్నాడు.

భయమల్లా ఆ కిటుకుతోనే.

ప్రతి నోట్‌లోనూ పేరా పేరాకీ "గౌరవనీయులైన జనరల్ మేనేజర్ గారి ఆదేశాల మేరకు" అని కొట్టాలి. అంత పొడుగు ఎవరు కొడతారని తన కంప్యూటర్లో దానికో మాట పెట్టుకుంది. "నస" అని కొట్టి స్పేస్ నొక్కితే చాలు, ఆ రెండక్షరాలు మాయమై గౌరవనీయులైనవారు పూర్తి మర్యాదలతో వచ్చి నిలబడతారు. ఇంట్లో మొగుడు కూడా "మీ నస ఇవాళేమన్నాడు?" అనే అడుగుతాడు. కానీ ఆ మాయ ఆవిడ కంప్యూటర్లోనే. ఇక్కడ నస అని కొడితే నస అనే పడుతుంది. అదీ ఆయన కళ్ళెదుట.

"మీరలా సోఫాలో కూర్చోండి సర్. అయ్యాక పిలుస్తాను."

"వద్దులెండి, ఇక్కడే నిలబడతా. తప్పులుంటే ఎప్పటికప్పుడు చెప్పొచ్చు." ఆయన కుర్చీ వెనక్కి చేరాడు. "ఇదయ్యాక మీ ప్రమోషన్ కాగితం సంగతి చూద్దాం. రోజూ అడుగుతున్నారుగా."

అడగక ఏం చేస్తుంది? ఆ కాగితం ఎండాకాలం నుంచీ అదే టేబుల్ మీద, అదే పేపర్ వెయిట్ కింద, సంతకం లేకుండా పడి ఉంది.

ఇంకొకరి వంటింట్లో ఉప్పు డబ్బా వెతుక్కుంటున్నట్టు, ఆవిడ ఒక్కో అక్షరం తడుముకుంటూ గౌరవనీయులైన జనరల్ మేనేజర్‌ని మొదటి పేరాలోకి తెచ్చింది.

"ఏమిటమ్మా, ఒక్కో అక్షరాన్నీ బతిమాలి తీసుకొస్తున్నారు?"

"కీబోర్డు కొత్త సర్."

"కీబోర్డు కొత్తదైతే ఏం, వేళ్ళు పాతవేగా. ఆ మార్జిన్ కాస్త జరపండి. అక్కడ కామా అవసరమా? సరే, ఉండనివ్వండి. వద్దులెండి, తీసేయండి. మీ షార్ట్‌కట్లన్నీ ఏమయ్యాయి?"

రెండో పేరా కూడా ఎలాగో గట్టెక్కింది.

"మార్జిన్ మళ్ళీ జరిగినట్టుంది. గడియారం చూశారా? ఆ కామా..."

తలలో జోరీగ దూరినట్టయింది ఆవిడకి. తొందరగా ముగించి బయటపడితే చాలనుకుంది. వేళ్ళకి వేగం వచ్చింది. వేగంతోపాటే పాత అలవాటూ వచ్చింది. మూడో పేరా మొదట్లో అవి ఆవిణ్ణి అడక్కుండానే టకటకా రెండక్షరాలు కొట్టి స్పేస్ నొక్కేశాయి.

నస.

ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది. ప్రమోషన్ సంగతి దేవుడెరుగు, ఉన్న కుర్చీ ఉంటే అదే పదివేలు. ఇంటికెళ్ళి మొగుడికేం చెప్పాలి? నవ్వి నవ్వి చస్తాడు.

వెనకనుంచి మాట లేదు. మార్జిన్ లేదు, కామా లేదు.

ఆవిడ ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండోది కూడా తెరిచింది.

తెర మీద ఆ రెండక్షరాలు లేవు. వాటి చోట, ఆవిడ ఏనాడూ కొట్టని వాక్యం ఒకటి బారుగా నిలబడి ఉంది: "మా సీనియర్ టైపిస్టు గారు పదే పదే కోరుచున్న ప్రమోషన్ విషయమై".

వెనక చిన్న దగ్గు వినిపించింది. పేపర్ వెయిట్ జరిగిన చప్పుడైంది.

"సంతకం ఎక్కడ పెట్టాలమ్మా?" అన్నాడు జనరల్ మేనేజర్.