చెట్టుకు తగ్గ రైలు

గద్వాలలో బాసిత్ తన దుకాణంలో రెండు బొమ్మ రైళ్లు బల్ల మీద పెట్టాడు. ఎస్తేరు పెద్దదాన్నే పట్టుకుంది.

"మన క్రిస్మస్ చెట్టు బిందెంత గూడ లేదు. దాని సుట్టూ గింత రైలు తిరిగితే చెట్టే పడిపోతది," అన్నాడు ఆమె భర్త దానియేలు.

"వచ్చే ఏడు పెద్ద చెట్టు తెద్దం తీ."

వచ్చే క్రిస్మస్ దాకా అతడు ఉండడని డాక్టరు ఆమె ఒక్కదానికే చెప్పాడు. భర్తకు ఆమె గ్యాసని చెప్పి, చారులో మిరియాలు తగ్గించి మరీ నమ్మించింది.

దానియేలు పెద్ద డబ్బాను రెండు చేతులా ఎత్తి చూసి, దించేశాడు.

"చిన్నదే కట్టు, బాసిత్ భాయ్."

"పెద్దదైతే ఏమాయె?" అంది ఎస్తేరు.

"పండుగైనంక సజ్జ మీదికి ఎక్కియ్యాలె గద. ఈసారి నేను ఎక్కిస్త," అన్నాడు, ఆమె వైపు చూడకుండా. "వచ్చే ఏడు నువ్వొక్కదానివే దించుకోవాలె. గింత బరువు నీతోని కాదు."