చెయ్యి చాచే అద్దాలు

“ఇందులో యాకూబ్ చీమంత కనబడతన్నాడు. చీమని నమ్ముకుని ఇంత బండి ఎనక్కి తీయమంటావా?” అని సింహాచలం రెండో జత అద్దాలు కూడా వద్దనేశాడు.

షాపు అంకుల్ చైనీస్ పెద్దాయన, తెలుగు ముక్క రాదు. అయినా మొహం చూస్తే బేరం అర్థమవుతుంది కదా. నిట్టూర్చి, మూడో డబ్బా కోసం లోపలికి వెళ్ళాడు.

షాపు ముందు పికప్ ట్రక్కు, దాని తోకకి ట్రైలర్, ట్రైలర్ మీద కొమ్మల్ని నమిలి పొట్టు చేసే యంత్రం. ఆ యంత్రం బండి కన్నా వెడల్పు. మామూలు అద్దాల్లో చూస్తే దాని పొట్ట తప్ప లోకం కనిపించదు. అందుకే ఇలాంటి బండ్లకి, పక్కకి లాగితే చెయ్యి చాచినట్టు బయటికొచ్చే పొడుగు అద్దాలు పెడతారు.

ఇన్నేళ్ళుగా సింహాచలానికి ఆ అవసరం రాలేదు. ఆయన అద్దం యాకూబే. బండి వెనక్కి తీసేటప్పుడు తొట్టిలో నిలబడి, కేబిన్ కప్పు మీద అరచేత్తో దరువేస్తాడు. ఒక దెబ్బ వేస్తే ఆగమని, రెండు వేస్తే రమ్మని, ఆపకుండా వాయించాడంటే కొంప మునిగిందని. ఈ సింగపూర్‌లోనే పాసిర్ రిస్ దగ్గర ఓసారి కుండపోత వానలో, ఆ దరువు నమ్ముకుని, కళ్ళు మూసుకుని, రెండు కార్ల సందులోంచి ట్రైలర్ తీశానని సింహాచలం డార్మిటరీలో కనిపించిన వాడికల్లా చెబుతాడు. మొదట్లో ఆ సందు ట్రైలర్ పట్టేంత ఉండేది. చెప్పగా చెప్పగా ఇప్పుడందులో సైకిల్ కూడా పట్టదు.

ఆ ఉదయం బాస్ పిలిచి, యాకూబ్‌ని వెంటబెట్టుకెళ్ళి మంచి అద్దాలు చూసి పెట్టించుకు రమ్మన్నాడు. అవి ఉంటే వెనక మనిషి అక్కర్లేదట. బండికి ఒక్కడు చాలట. వచ్చే నెల వర్క్ పర్మిట్ ఒక్కరికే పొడిగిస్తాడట.

సింహాచలానికి యాకూబ్ మీదే బెంగ పట్టుకుంది. తనకేం భయం లేదు. అద్దం లేకపోయినా బండి నడుస్తుంది గానీ డ్రైవర్ లేకుండా నడవదు కదా. కూతురి నర్సింగ్ చదువు అయ్యేదాకా ఇక్కడే ఉంటానని భార్య నూకాలమ్మకి మొన్ననే ఫోన్లో మాటిచ్చాడు కూడా. యాకూబ్ సంగతే ఏమిటి? వరంగల్ దగ్గర పల్లెలో వాడి భార్య రజిత నిండు నెలల మనిషి. ఈ కబురు వింటే ఏమైపోతుంది?

బాస్ ముందు తలూపి వచ్చేశాడు గానీ, దార్లో ఒక ఉపాయం తట్టింది. ఏ అద్దమూ పనికిరాదని తేల్చేస్తే సరి. అద్దాలు లేకపోతే వెనక మనిషి ఉండాల్సిందే.

ఉపాయం బాగానే ఉంది. వచ్చిన చిక్కల్లా, అద్దాలు కూడా బాగానే ఉన్నాయి. పాత అద్దాల మీద పటకాతో బిగించే మొదటి జత ఊగుతోందన్నాడు. అంకుల్ గట్టిగా బిగించి చూపిస్తే, అసలు ఊగకపోతే అద్దానికి ప్రాణం లేనట్టని మాట మార్చాడు.

యాకూబ్ మాత్రం ట్రైలర్ వెనక, నిలబెట్టిన చోటే తల వంచుకుని నిలబడ్డాడు. కొన్ని నెలలుగా ఆదివారాలు ఎక్కడికో మాయమవుతూ, అడిగితే నవ్వి ఊరుకునేవాడు ఇవాళ నవ్వడం కూడా మానేశాడు. సింహాచలం వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు.

“అన్నా, నీకొక ముచ్చట చెప్పాలె,” అన్నాడు యాకూబ్.

“నువ్వేటీ సెప్పక్కర్లేదు. నాకు తెలుసు.”

యాకూబ్ ఉలిక్కిపడ్డాడు. “ఎవరు చెప్పిన్రు?”

“బాసే. పొద్దున్న.”

“మరి నా మీద కోపం లేదా అన్నా?”

“నీ మీద కోపమేట్రా పిచ్చోడా? ఇందులో నీ తప్పేటుంది? నానున్నాను గదా, సూసుకుంటాను.”

యాకూబ్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “నువ్వు గింత మంచోనివైతే నేనెట్ల తట్టుకోవాలె?”

మూడో జత వచ్చింది. పైన చదునైన అద్దం, కింద ఉబ్బెత్తు అద్దం. అంకుల్ పట్టి లాగితే చెయ్యి మెత్తగా బయటికి సాగింది. సింహాచలం తొంగి చూశాడు. ట్రైలర్ అంచు, చక్రం, ఆ వెనక హెల్మెట్ నుంచి బూట్ల దాకా యాకూబ్. వాడు కళ్ళు తుడుచుకోవడం కూడా కనిపిస్తోంది. వంక కోసం పైనా కిందా వెతికాడు గానీ ఒక్కటీ దొరకలేదు.

“ఇది దరువెయ్యదు గదా,” అని మాత్రం గొణిగాడు. అంకుల్ అది ఒప్పుకోలనుకుని పానా అందుకున్నాడు.

ఇంతలో అంకుల్‌కి బాస్ ఫోన్ చేశాడు. వాళ్ళ భాషలో ఏదో మాట్లాడుకున్నారు. అంకుల్ ఒకసారి సింహాచలాన్ని, ఒకసారి యాకూబ్‌ని చూసి, గొంతు తగ్గించి, ఫోన్ పెట్టేశాడు.

అద్దాలు ఒక పక్క బిగిశాయి. రెండో పక్కా బిగిశాయి. సింహాచలం చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ఇంక చేయగలిగింది ఏముంది? ఊరికి వెళ్ళిపోయే రోజున యాకూబ్‌ని ఈ బండి మీదే చాంగీ విమానాశ్రయం దాకా దిగబెట్టాలి. దారంతా ఒక్క కోత కూడా కొయ్యకూడదు.

“న్యూ డ్రైవర్ సిట్ లా,” అని అంకుల్ సీటు మీద తట్టాడు. కూర్చుంటే కంటికి సరిపెడతానన్నట్టు అద్దం వైపు వేలు చూపించాడు.

“అద్దాలు కొత్తయ్యి అంకుల్, డ్రైవర్ పాతోడే,” అని సింహాచలం బలవంతాన నవ్వి, జేబులోంచి తాళాలు తీశాడు.

అద్దంలో యాకూబ్ కదిలాడు. చిన్నగా ఉన్నవాడు పెద్దవుతూ, ట్రైలర్ దాటి, తొట్టి దాటి, పక్కకొచ్చి నిలబడ్డాడు. పాపం, మనసాగక వచ్చాడనుకున్నాడు సింహాచలం. యాకూబ్ ఒక చేత్తో కొత్త డ్రైవింగ్ లైసెన్సు పట్టుకుని, రెండో చెయ్యి చాచాడు.

“తాళాలు నాకియ్యి అన్నా.”